నీళ్ళు వీపు మీదా, ఫ్రేము మీదా?

మౌంటెన్ బైకింగ్ గురించి కోనసీమ వాడు రాయడమేంటి, అక్కడ కొండే లేదు కదా అని నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. నిజమే, మా దగ్గర ఎత్తైనది అంటే ఏటిగట్టే. కానీ ఎంటీబీ టైర్లకి కావాల్సింది కొండ కాదు, తారు లేని దారి. కాలువ గట్లు, కొబ్బరితోటల మధ్య పుంతలు, లంకల్లో ఇసుక బాటలు... అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఎటు తిరిగినా అవే. సెలవుల్లో గేర్ సైకిల్ వేసుకుని అటు వద్దామనుకునేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, నీళ్ళూ సామానూ ఎందులో పెట్టుకోవాలి అని.

అసలు నీళ్ళు మోయడం ఎందుకు, చుట్టూ గోదావరి పాయలే కదా అంటారు కొందరు. కాలువ నీళ్ళు అలాగే తాగలేం. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఎండలు ముదిరే సరికి కాలువలు కూడా కట్టేస్తారు. పోనీ బొండాలున్నాయిగా అంటే, అవి రోడ్డు పక్కన దొరుకుతాయి గానీ పుంతలో ఎవరమ్ముతారు? మోసుకెళ్దామంటే అర లీటరు కూడా ఉండని నీళ్ళ కోసం కిలోన్నర బరువు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే ఇంత దరిద్రమైన కంప్రెషన్ రేషియో ఇంకోటి లేదు. పైగా బొండం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. కాబట్టి బొండం తాగినా ఓఆర్ఎస్ ప్యాకెట్ జేబులో ఉండాల్సిందే.

లెక్క సింపుల్. ఎండలో గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు అనుకోండి. మరీ ఉక్కగా ఉంటే ఇంకొంచెం. లీటరు నీళ్ళంటే కిలో బరువు. రెండు గంటల రైడ్‌కి కిలో నుంచి కిలోన్నర. ఇది ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి.

వీడియోల్లో అందరి వీపు మీదా గొట్టం ఉన్న సంచి కనిపిస్తుంది, హైడ్రేషన్ ప్యాక్. అది పుట్టిన కథ బావుంటుంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో, ఆగస్టు ఎండలో, ‘హాటర్ ఎన్ హెల్ హండ్రెడ్’ అని వంద మైళ్ళ సైకిల్ రైడ్ ఉంది. 1980ల చివర్లో మైకేల్ ఈడ్సన్ అనే ఆయన, ఎమర్జెన్సీ వైద్య సిబ్బందిలో పనిచేసేవాడు, సెలైన్ బ్యాగులో నీళ్ళు నింపి పొడుగు సాక్సులో దూర్చి వీపుకి తగిలించుకున్నాడు. ట్యూబు భుజం మీదుగా తెచ్చి, నీళ్ళు కారకుండా బట్టలారేసే క్లిప్పు పెట్టాడు. కామెల్‌బ్యాక్ అలా మొదలైంది.

ఆ ఐడియాలో దమ్ముంది. గతుకుల్లో పెడల్స్ మీద లేచి నిలబడతాం కదా, అప్పుడు కింద సైకిల్ ఎంత ఎగిరినా మన కాళ్ళూ చేతులూ స్ప్రింగుల్లా పనిచేస్తాయి, వీపు మీద బరువుకి ఆ కుదుపు తగలదు. హ్యాండిల్ వదలకుండా తాగొచ్చు. నీళ్ళకి బురద అంటదు.

కానీ టెక్సాస్ ఎండ వేరు, మన ఉక్కపోత వేరు. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. కోనసీమ గాలిలో ఉన్న తేమకి అది ఆవిరవడమే కష్టం, కారిపోతుంది అంతే. అలాంటి చోట వీపు మొత్తం సంచితో కప్పేస్తే? ఇంకోటి, బరువు పైనుంటే బ్యాలెన్స్ తప్పడం తేలిక. గట్టు మీద ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. కాలువలో పడితే ఛాతీ దగ్గర, నడుం దగ్గర బకుల్స్ విప్పుకోవడం ఓ పని. ఇక ఆ గొట్టం లోపల సరిగ్గా ఆరదు, మన వాతావరణంలో బూజు పట్టడానికి ఎంతోసేపు పట్టదు. అందులో మామూలు నీళ్ళు తప్ప తీపి డ్రింకులు పోయకండి.

బరువు ఎక్కడుండాలో తెలియాలంటే రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్ళి చూడండి. రైతులు పాత సైకిళ్ళ మీద, వెనక చక్రానికి రెండు పక్కలా గెలలు కట్టుకుని వస్తుంటారు. బరువు కిందికి ఉంటుంది, రెండు వైపులా సమానం, కదలకుండా తాడు బిగించి ఉంటుంది. ఫిజిక్స్ మొత్తం అదే.

కాబట్టి గట్ల మీదకి నా ఓటు ఫ్రేముకే. ఫ్రేము మధ్య త్రికోణంలో రెండు సీసాలు పడితే లీటరున్నర వచ్చేసినట్టే. చిన్న సైజు సైకిళ్ళలో, వెనక కూడా సస్పెన్షన్ ఉన్నవాటిలో ఒక్కటే పడుతుంది, కొనేముందు చూసుకోండి. కేజ్ గట్టిగా పట్టుకోకపోతే మొదటి గతుక్కే సీసా కాలువలో తేలుతుంది. అన్నిటికంటే ముఖ్యం మూత. ముందు చక్రం చిమ్మే బురదలో సగం గేదెల పేడే అండీ, అది నేరుగా సీసా మూతి మీదే పడుతుంది. నోరు పెట్టే చోటికి విడిగా క్యాప్ ఉన్న సీసానే తీసుకోండి. ఇంకో చిన్న విషయం, లీటరుకని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ ముప్పావు లీటరు సీసాలో మొత్తం పోసేయొద్దు. ఇంట్లోనే లీటర్లో కలిపి సీసాలో నింపుకోండి.

సామాను విషయానికొస్తే ట్యూబు, టైరు లీవర్లు, పంచర్ కిట్, మల్టీటూల్ సీటు కింద చిన్న సంచిలో. పంపు ఫ్రేముకి. ఇనప సామాను వీపు సంచిలో వద్దు, పడితే అది గుచ్చుకునేది వెన్నుపూసకే. ఫోను, డబ్బులు నడుంకి కట్టుకునే సంచిలో. దాన్ని హిప్ ప్యాక్ అని కొత్తగా అమ్ముతున్నారు గానీ మన తాతలు రొంట్లో దోపుకున్నది ఇదే ఐడియా. ఫోను మాత్రం జిప్ కవర్లో పెట్టి మరీ పెట్టుకోండి.

మారేడుమిల్లి వైపు ఘాట్ దారుల్లో అయితే లెక్క మారుతుంది. ఎక్కడానికే గంటలు పడుతుంది, అడవిలో కొట్లుండవు, మూడు లీటర్లు ఫ్రేము మీద పట్టవు. అక్కడ ప్యాక్ తీసుకోండి, వీపుకీ సంచికీ మధ్య గాలి ఆడే వల ఉన్నది చూసి.

ఆత్రేయపురం మీదుగా వెళ్ళేవాళ్ళు పూతరేకులు తెమ్మంటే మాత్రం ఒప్పుకోకండి. ఏ సంచిలో పెట్టినా ఇంటికొచ్చేది పొడే.