మెదడులో అడినోసిన్ - మేలును, కీడును

కోసిగి పొలములలో పగలంతా శ్రమించిన రైతునకు చీకటి పడగానే కన్నులు మూతపడును. ఆ నిద్రను పిలుచు పదార్థములలో అడినోసిన్ ఒకటి. దాని మూలము ఏ.టీ.పీ. అను శక్తిద్రవ్యము. 1929లో దీనిని కనుగొనినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అప్పుడు వారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేయుచుండిరి. ఈ ద్రవ్యము ఖర్చయిన కొలది అడినోసిన్ మిగులును.

తాళమునకు చెవి వలె అడినోసిన్ అమరుటకు జీవకణములపై నాలుగు విధములైన గ్రాహకములు కలవు. వానిలో ఏ-1 నాడీకణముల ఉద్రేకమును తగ్గించును. ఏ-2ఏ తీరు వేరు. మెదడునకు దెబ్బ తగిలినపుడు అడినోసిన్ వెల్లువెత్తును. అపుడు మెదడును కాపలా కాయు మైక్రోగ్లియా కణములపై ఏ-2ఏ హెచ్చి, శోథమును, అనగా లోపలి వాపును, ఎగదోయగలదు. అది చిరకాలము నిలిచినచో కాపలావాడే ఇల్లు కూల్చినట్లగును, నాడీకణములు క్షీణించును. పార్కిన్సన్, ఆల్జీమర్ వ్యాధులలో ఇట్టి శోథమునకు పాత్ర కలదని పరిశోధకులు భావించుచున్నారు.

కాఫీ, తేనీటిలోని కెఫీన్ ఈ తాళములలో దూరి అడినోసిన్‌ను అడ్డగించును. అందుచే నిద్ర తేలిపోవును. హవాయిలోని జపాను సంతతి పురుషులలో కాఫీ త్రాగువారికి పార్కిన్సన్ వ్యాధి తక్కువగా వచ్చినట్లు 2000లో వెల్లడియైనది. ఏ-2ఏను అడ్డగించు ఇస్ట్రాడెఫిలిన్ అను మందునకు జపాను 2013లోను, అమెరికా 2019లోను అనుమతినిచ్చెను. అది ఇతర మందుల ప్రభావము తగ్గు వేళల తోడ్పడునదే గాని, క్షీణతను ఆపునని ఋజువు కాలేదు.

కనుక కాఫీయే ఔషధమని భ్రమింపరాదు. ఇంటి పెద్దలకు చేయి వణకినను, మతిమరుపు ముదిరినను, ముసలితనమని ఊరకుండక వైద్యునికి చూపవలెను.