సుబ్బారావు గారి నీలం రంగు, స్కెగ్స్ గారి గాలి బుడగలు

పిల్లలూ! పాలీక్లినిక్‌లో మీ రక్తం తీసిన చిన్న గొట్టం ల్యాబుకు వెళ్ళాక, పరీక్షల్లో చాలావరకు యంత్రాలే చేస్తాయి. ఆ కథలో మన తెలుగువారూ ఉన్నారు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే రంగు అంత ముదురు. కాని ప్రతి నమూనాకూ ఒక మనిషి కొలవాలి, పోయాలి, కలపాలి, ఆగాలి. వంద నమూనాలైతే? అలసిపోయిన అమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పు వేసినట్టే అవుతుంది! ఇక్కడ పొరపాటు జరిగితే రోగికి ఇచ్చే మందే మారిపోవచ్చు.

అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆస్పత్రిలో పనిచేసే జీవరసాయన శాస్త్రవేత్త లెనార్డ్ స్కెగ్స్ గారు ఇందుకోసమే యంత్రం తయారీ వైపు మళ్ళారు. సన్నని గొట్టంలో నమూనాలను వరుసగా పంపి, మధ్యమధ్య గాలి బుడగలు వదిలారు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంతో కలవకుండా బుడగలే అడ్డుగోడలన్నమాట! ఆ యంత్రం 1957లో 'ఆటో ఎనలైజర్' పేరుతో అమ్మకానికి వచ్చింది.

"సైన్సు చదివి మెషిన్ల పనా?" అని మన పెద్దలం అప్పుడప్పుడు పెదవి విరుస్తుంటాం. రంగు రావడానికి ఎంతసేపు పడుతుందో తెలిస్తేనే కదా, గొట్టం ఎంత పొడవుండాలో తేలేది! స్కెగ్స్ గారు కెమిస్ట్రీని వదల్లేదు, గొట్టంలోకి ఎక్కించారు.

తరువాత ఫాస్ఫరస్ పరీక్ష కూడా సుబ్బారావు గారి పద్ధతిలోనే ఆ యంత్రంలో చేశారు. అది చూసే భాగ్యం ఆయనకు కలగలేదు. 1948లోనే కన్నుమూశారు.