వెనుకసందును మోటారు షెడ్డును

సొంత స్థలములో మోటారు షెడ్డును ఇచ్చవచ్చిన చోట కట్టుకొనుటకు యజమానునకు హక్కు లేదా యని కొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు అమెరికా పట్టణములు చెప్పిన సమాధానమును మన విద్యార్థులకు విశదపఱుపగోరుచున్నాము.

పట్టణమును భాగములుగా విభజించి, ఏ భాగమున నెట్టి కట్టడము లుండవచ్చునో, అవి సరిహద్దునుండి యెంత దూరమున నుండవలెనో నిర్ణయించు శాసనములకు జోనింగు నిబంధనలని పేరు. న్యూయార్కు నగరము 1916లో నగరమంతటికి నిట్టి శాసనమును జేసెను. ఒహాయో రాష్ట్రములోని యూక్లిడు అను గ్రామపు వ్యాజ్యెమున, ఇట్టి నిబంధనలు రాజ్యాంగసమ్మతములే యని 1926లో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను.

చికాగో నగరమున సుమారు 1,900 మైళ్ల పొడవున వెనుకసందులు గలవు. చెత్తబండ్లును, ఇండ్లవారి కార్లును ఆ దారిని పోవును. సందున్న చోట షెడ్డు వాకిలి సందువైపుననే యుండవలెనని పెక్కు పట్టణములు విధించుచున్నవి. ఏలయన, వాకిలి వీధివైపున నున్నచో కారు కాలిబాటను దాటవలెను. ఆ కాలిబాటమీదనే బాలబాలికలు బడికి నడచిపోవుదురు. కారును వెనుకకు నడుపువానికి చిన్నబిడ్డ కనబడుట కష్టము.

ఇక దూరపు నియమమును లెక్క వేసి చూతము. కారు సందులోనుండి అడ్డముగా తిరిగి షెడ్డులో ప్రవేశించుటకు సుమారు 24 అడుగుల చోటు కావలెను. సందు వెడల్పు 16 అడుగులైనచో, తక్కిన 8 అడుగులను యజమానుడు తన నేలలోనుండియే విడువవలెను. ఎదుటివాడు విడిచిన చోటును మనదిగా లెక్కింపరాదు. రేపు అతడు అచ్చట గోడ కట్టుకొనవచ్చును. ఈ 8 అడుగులు నష్టమని తలంచి ప్రతివాడును అంచువఱకు కట్టెనేని, ఎవ్వని కారును సులభముగా తిరుగజాలదు. కావున విడిచిన నేల పోయిన నేల కాదు. అది పొరుగువానికిని మనకును ఉమ్మడిగా ఉపయోగపడు నేల.

అట్లని నియమములు మార్పరానివి కావు. కెనడా దేశపు వాంకూవరు నగరమునను ఇండ్ల వెనుక నిట్టి సందులు గలవు. షెడ్డుండు చోటనే సందు ముఖముగా చిన్న యిల్లు కట్టుకొనుటకు ఆ నగరము 2009లో అనుమతించెను. బండికి చోటు చూపిన శాసనము మనుష్యునకును చోటు చూపుట న్యాయమే గదా! ఏ నిబంధననైనను ఈ దృష్టితోనే పరీక్షింపవలెనని మా యభిప్రాయము: అది ఎవరికి దారి విడుచుచున్నది? ఎవరి దారి మూయుచున్నది?