పెరటి కోళ్లలో రక్తపారుడు వ్యాధి - తొలిరోజు చికిత్సే కీలకం

గ్రామీణ ప్రాంతాలలో పెరటి కోళ్ల పెంపకం నిరుపేద కుటుంబాలకు, ప్రత్యేకించి మహిళలకు, చేతిఖర్చులకు ఆదుకునే ఉపాధిగా కొనసాగుతున్నది. 2019లో నిర్వహించిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య 31.7 కోట్లు. 2012 నాటి గణనతో పోల్చితే ఇది సుమారు 46 శాతం అధికం. నాటు కోళ్లతో పాటు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు కూడా పల్లె పెరళ్లకు చేరినవి. అయితే వర్షాకాలంలో ఇంటికి తెచ్చిన కోడిపిల్లలు పక్షం రోజులైనా గడవక ముందే వరుసగా మరణించడం, రెట్టలో నెత్తురు కనిపించడం పెంపకందారులకు తరచుగా ఎదురవుతున్న సమస్య. దీనిని పలువురు కొక్కెర తెగులుగా భావించి, ఇక చేయగలిగినది లేదని ఊరుకుంటున్నారు. నిజానికి ఇది చికిత్స ఉన్న వ్యాధి. పశువైద్యులు దీనిని కాక్సీడియోసిస్ అంటారు. వాడుకలో రక్తపారుడు అని పిలుస్తారు.

ఈ వ్యాధికి కారణం బాక్టీరియా గాని, వైరస్ గాని కాదు. పేగు గోడలలో పెరిగే ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి. జర్మనీ జంతుశాస్త్రవేత్త థియోడర్ ఐమర్ పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది. ఇందులో అనేక జాతులున్నప్పటికీ, గుడ్డి పేగులలో చేరే టెనెల్లా, చిన్న పేగు మధ్యభాగాన్ని దెబ్బతీసే నెకాట్రిక్స్ అనే రెండు జాతులు నెత్తురు పోయేటట్లు చేసి ప్రాణం తీస్తాయి.

వ్యాధి సోకిన కోడి రెట్టలో ఈ పరాన్నజీవి గుడ్ల వంటి సూక్ష్మ రూపంలో బయటికి వస్తుంది. అప్పటికప్పుడు వాటివల్ల హాని లేదు. తేమ, వెచ్చదనం, గాలి తగిలితే ఒకటి రెండు రోజులలో అవి వ్యాధిని కలిగించే స్థితికి చేరుకుంటాయి. వర్షాకాలంలో పెరటి నేల అందుకు కావలసిన పరిస్థితులన్నింటినీ సమకూరుస్తుంది. నేలపై చల్లిన నూకలతో పాటు పిల్లలు వాటిని మింగుతాయి. లోపలికి చేరిన ఒక్కొక్క దాని నుండి ఎనిమిది జీవులు వెలువడి పేగు కణాలలో ప్రవేశించి, తరం వెంట తరంగా వృద్ధి చెందుతాయి. టెనెల్లా జాతి విషయంలో నాలుగు, ఐదు రోజులకు రెండవ తరం జీవులు కణాలను, రక్తనాళాలను ఛేదించుకుని బయటపడతాయి. రెట్టలో నెత్తురు కనిపించేది అప్పుడే. మరణాలు ఎక్కువగా సంభవించేది ఐదవ, ఆరవ రోజులలో. ఆ గండం దాటి ఎనిమిది, తొమ్మిది రోజులు బతికిన పిల్ల సాధారణంగా కోలుకుంటుంది.

ఈ క్రమాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. నెత్తురు కనిపించే సరికే ఆ పిల్లకు జరగవలసిన నష్టం చాలా వరకు జరిగిపోయి ఉంటుంది. మందు ప్రధానంగా రక్షించేది ఇంకా లక్షణాలు బయటపడని తక్కిన పిల్లలను. అందువల్ల జబ్బు పడిన ఒక్క పిల్లను పక్కకు తీసి దానికి మాత్రమే మందు పోయడం సరైన విధానం కాదు. తొలి నెత్తుటి రెట్ట కనిపించిన రోజే మొత్తం గుంపునకు చికిత్స ప్రారంభించాలి.

ఈ వ్యాధి తీవ్రంగా సోకేది మూడు నుండి ఆరు వారాల వయస్సులో. ప్రభుత్వ పథకాల కింద మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచిన పిల్లలను లబ్ధిదారులకు అందజేసే వయస్సు కూడా ఇదే కావడం గమనార్హం. యూనిట్లలో సాధారణంగా దాణాలో నివారణ మందు కలుపుతారు. పిల్ల ఇంటికి రాగానే ఆ దాణా ఆగిపోతుంది. వ్యాధి నిరోధక శక్తి ఇంకా పూర్తిగా ఏర్పడని పిల్ల, పాత కోళ్లు ఏళ్ల తరబడి తిరిగిన నేలపై అడుగుపెడుతుంది. పెద్ద కోళ్లు ఆరోగ్యంగా కనిపించినప్పటికీ వాటి రెట్టలో పరాన్నజీవి ఉండవచ్చును. కావున కొత్త పిల్లలను మొదటి మూడు, నాలుగు వారాలు విడిగా, పొడి ప్రదేశంలో ఉంచడం అత్యవసరం.

రెక్కలు వాల్చి, ఈకలు నిక్కబొడుచుకుని ఒకచోట గుమిగూడడం, మేత మానడం, తురాయి పాలిపోవడం, నెత్తురుతో కూడిన పలుచని రెట్ట ఈ వ్యాధి ముఖ్య లక్షణాలు. ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా రోజులో ఒకటి రెండుసార్లు చాక్లెట్ రంగులో జిగటగా రెట్ట వేస్తుంది. అది నెత్తురు కాదు. కొక్కెర తెగులులో ఆకుపచ్చని విరేచనాలు, నోరు తెరచి ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం కనిపిస్తాయి, అన్ని వయస్సుల కోళ్లూ మరణిస్తాయి. కొక్కెర టీకా వేయించిన కోళ్లకు సైతం రక్తపారుడు రావచ్చును.

చికిత్సకు విరివిగా వాడే మందు ఆంప్రోలియం. జబ్బు పడిన పిల్ల మేత మానుతుంది గాని నీరు తాగుతుంది. కనుక దీనిని నీటిలోనే ఇస్తారు. 20 శాతం పొడి అయితే, వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు లీటరు నీటికి 1.2 గ్రాముల వంతున ఐదు రోజులు, ఆ తరువాత పావు వంతు మోతాదులో, అంటే లీటరుకు 0.3 గ్రాములు, మరొక వారం నుండి రెండు వారాలు ఇవ్వవలసి ఉంటుంది. ఇరవై పిల్లలకు రోజుకు సుమారు రెండు లీటర్ల నీరు సరిపోతుంది. ఇంత స్వల్ప పరిమాణాన్ని చెంచాతోనో, చిటికెతోనో కొలవడం సాధ్యం కాదు. పశువైద్యశాలలో రోజువారీ పొట్లాలు కట్టించుకోవడం మేలు. మందు నీటిని ప్రతి ఉదయం కొత్తగా కలపాలి.

పెరటి కోళ్ల విషయంలో వచ్చే అసలు ఇబ్బంది ఇక్కడే. వదిలిపెట్టిన కోడి మందు నీటిని కాదని మురుగు కాలువలోనో, బావి చప్టా దగ్గరో దాహం తీర్చుకుంటుంది. చికిత్స సాగినన్నాళ్లూ పిల్లలను మూసి ఉంచి, మందు నీరు తప్ప మరేదీ అందకుండా చూడాలి. ఆంప్రోలియం పనిచేసేది పరాన్నజీవికి థయామిన్, అనగా బి1 విటమిన్, అందకుండా చేయడం ద్వారా. కనుక చికిత్స రోజులలో బలానికని బి కాంప్లెక్స్ టానిక్కు కలిపితే మందు పని చెడుతుంది. దానిని చికిత్స ముగిసిన తరువాతనే ఇవ్వాలి. ఎ, కె విటమిన్లు ఇవ్వడానికి అభ్యంతరం లేదు.

టోల్ట్రాజురిల్, సల్ఫా మందులు కూడా ఉన్నవి. వాటిని పశువైద్యుని సలహా లేకుండా వాడరాదు. గుడ్లు పెట్టే కోళ్లకు సల్ఫా మందులు ఇవ్వరాదు. మందు వాడిన కోళ్ల గుడ్లు, మాంసం ఎన్ని రోజులకు తినవచ్చునో ప్యాకెట్టుపై చూసి పాటించాలి. ఇంట్లో మనుషుల కోసం తెచ్చిన యాంటీబయోటిక్ మాత్రలను పొడిచేసి నీటిలో కలిపే అలవాటు పలుచోట్ల కనిపిస్తున్నది. అవి ఈ పరాన్నజీవిని చంపలేవు. అమూల్యమైన రెండు మూడు రోజులు మాత్రం వృథా అవుతాయి.

మందుతో పాటు నేల సంగతి చూడకపోతే వ్యాధి తిరగబెడుతుంది. బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు ఈ సూక్ష్మ గుడ్లపై పనిచేయవు. మరిగే నీరు, ఎండ, పొడిదనం వాటిని అణచగలవు. తడిసి గడ్డకట్టిన ఊకను తీసివేసి, రెండు మూడు అంగుళాల మందాన కొత్త వరి ఊక పరచి రోజూ తిరగవేయాలి. నీటి పాత్రను ఇటుకలపై ఉంచితే చుట్టూ తడి చేరదు. మేతను నేలపై చల్లక తొట్టిలో పోయాలి. రాత్రివేళ తల్లి కోడిని, పిల్లలను మూసే గంపను ప్రతిరోజూ ఒకేచోట బోర్లించడం కూడా వ్యాధికి దారితీస్తుంది. రెండవ నాటి రాత్రికే కింది రెట్ట ప్రమాదకరంగా మారుతుంది గనుక గంప చోటు దినదినం మార్చాలి.

ఈ వ్యాధి మనుషులకు గాని, మేకలు, గొర్రెలకు గాని సోకదు. కోడి గుడ్డు ద్వారా పిల్లకు సంక్రమించదు. అయినప్పటికీ చనిపోయిన కోళ్లను ఇంటి వద్ద కోసి చూడరాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన విషయం విదితమే. పెద్దా చిన్నా తేడా లేకుండా కోళ్లు అకస్మాత్తుగా మరణిస్తే వెంటనే పశువైద్యాధికారికి తెలియజేయాలి. పిల్లలలో నెత్తుటి రెట్ట మాత్రమే కనిపిస్తున్నప్పుడు, తాజా రెట్టను శుభ్రమైన చిన్న డబ్బాలో సమీప పశువైద్యశాలకు తీసుకువెళితే సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. పరీక్ష ఫలితం వచ్చే వరకు వేచి ఉండక, అదే రోజు పొట్లాలు కూడా తీసుకుని మందు నీరు ప్రారంభించవచ్చును.