'హీట్' అనే మాట: దాని పుట్టుక, దాని అర్థాలు

ఉన్నత పాఠశాలలో ఆటల పోటీలు జరిగే రోజున "నూరు మీటర్ల పరుగు, రెండవ హీట్" అని మైకులో ప్రకటన వినవస్తుంది. మర్నాడు భౌతికశాస్త్రం తరగతిలో అదే మాటకు ఉష్ణమని అర్థం చెబుతారు. ఇంగ్లీషు పుస్తకాలలో మిరపకాయకూ 'హీట్' ఉన్నది. ఉక్కు కర్మాగారంలోనూ 'హీట్లు' లెక్కపెడతారు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎట్లా వచ్చాయి? వీటిలో శాస్త్రం అంగీకరించేది ఏది? మొదటి ప్రశ్నకు నిఘంటువు చాలును. రెండవ ప్రశ్న తేలడానికి మాత్రం సుమారు నూరేళ్లు పట్టింది.

'హీట్' ఇంగ్లీషువారి ఇంటిమాట. వేడిగా ఉన్నదని చెప్పే 'హాట్' నుండి ప్రాచీన కాలంలోనే పుట్టింది. జర్మన్ భాషలోని 'హిట్సె' దీనికి తోబుట్టువు. ప్రయోగశాలలో వాడే మాటలు మాత్రం పరాయి ఇళ్లనుండి వచ్చాయి. కెలోరీ అనేది లాటిన్ మాట 'కలోర్' నుండి ఏర్పడింది. థర్మామీటరులో ఉన్నది 'థెర్మోస్' అనే గ్రీకు మాట. ఈ థెర్మోస్, సంస్కృతంలోని 'ఘర్మ', పారశీకంలోని 'గర్మ్' ఒకే ధాతువునుండి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించారు. కాబట్టి జ్వరం చూసే థర్మామీటరుకు, ఒంటిమీది ఘర్మజలానికి, వంటింటిలోని గరంమసాలాకు దూరపు చుట్టరికం ఉన్నదన్న మాట! ఇక తెలుగులో వేగు, వేపు, వేడి, వేసవి ఒక కుటుంబంలోనివి. పాఠ్యపుస్తకాలలోని ఉష్ణం, కాల్చుట అనే అర్థంగల 'ఉష్' అనే సంస్కృత ధాతువునుండి వచ్చింది.

పరుగుపందేనికి వేడితో ఏమి పని? కమ్మరి ఇనుమును కొలిమిలో ఎర్రగా కాల్చి, అది చల్లారేలోపల సమ్మెటతో సాగగొడతాడు. చల్లారితే మళ్లీ కొలిమిలో పెడతాడు. ఇట్లా ఒకసారి కాల్చడాన్ని ఇంగ్లీషులో ఒక 'హీట్' అంటారు. ఒక్క ఊపులో చేసే తీవ్రమైన ప్రయత్నానికి కూడా ఈ మాటే వాడుకలోకి వచ్చింది. 17వ శతాబ్దంనాటికి గుర్రపు పందేలలో ఒక విడత పరుగుకు ఆ పేరు స్థిరపడింది. ఆనాడు అవే గుర్రాలు ఒకే రోజున నాలుగేసి మైళ్లు పలుమార్లు పరుగెత్తవలసి వచ్చేది. రెండు గుర్రాలు సమంగా వచ్చిన విడత లెక్కకు రాదు. అది 'డెడ్ హీట్', చచ్చిన విడత. పోటీదారులు ఎక్కువైనప్పుడు జరిపే తొలి వడపోతలకు హీట్లనే పేరు తరువాత వచ్చింది. ఉక్కు కర్మాగారంలో ఒక కొలిమినుండి ఒక విడతగా తీసిన ఉక్కుకు కూడా ఇదే పేరు.

ఇక శాస్త్రానికి వద్దాం. 18వ శతాబ్దం మధ్యవరకు వేడి ఎంత తీవ్రంగా ఉన్నది, ఎంత పరిమాణంలో ఉన్నది అనే రెండింటినీ 'హీట్' అనే ఒక్క మాటలోనే కలిపివేసేవారు. ఒక చెంచాలో 100 డిగ్రీల సెంటిగ్రేడు నీరు 10 గ్రాములు, ఒక బకెట్టులో 40 డిగ్రీల నీరు 10 కిలోగ్రాములు ఉన్నాయనుకుందాం. వేలు పెడితే కాలేది చెంచాలోనే. కాని రెండింటినీ మంచుగడ్డలమీద పోసి చూస్తే, చెంచాలోని నీరు సున్న డిగ్రీలకు చల్లారేలోపల పన్నెండున్నర గ్రాముల మంచును మాత్రమే కరిగిస్తుంది. బకెట్టులోని నీరు అయిదు కిలోగ్రాముల మంచును కరిగిస్తుంది. దేనిలో 'హీట్' ఎక్కువ అని అడిగితే, ప్రశ్నలోనే చిక్కు ఉన్నది.

ఈ చిక్కును విప్పినవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోసెఫ్ బ్లాక్. ఉష్ణం పరిమాణం వేరు, దాని తీవ్రత వేరు అని ఆయన బోధించాడు. మంచు కరుగుతున్నంతసేపు ఉష్ణాన్ని గ్రహిస్తూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం కదలదు అని 1760 తరువాతి సంవత్సరాలలో ప్రయోగాలతో చూపాడు. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కెలోరీలు, ఒక గ్రాము నీరు మరిగి ఆవిరి కావడానికి సుమారు 540 కెలోరీలు కావాలి. ఇదే గుప్తోష్ణం. మరిగే నీటికంటె ఆవిరి ఎక్కువగా కాల్చడానికి కారణం ఇదే. ఒక గ్రాము మరిగే నీరు చర్మంమీద 37 డిగ్రీలకు చల్లారితే 63 కెలోరీలు ఇస్తుంది. అదే ఒక గ్రాము ఆవిరి ముందు నీరుగా మారుతూ 540, తరువాత చల్లారుతూ 63, మొత్తం 603 కెలోరీలు ఇస్తుంది. థర్మామీటరు రెండింటికీ నూరు డిగ్రీలే చూపుతుంది. ప్రెషర్ కుక్కరు మూత తీసేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది.

ఈ విషయంలో తెలుగు విద్యార్థికి ఒక సదుపాయం ఉన్నది. ఇంగ్లీషులోని 'టెంపరేచర్' అనే మాట కలపడమనే అర్థంగల లాటిన్ మాటనుండి వచ్చింది. దానినిబట్టి విషయం ఏమీ బోధపడదు. మన 'ఉష్ణోగ్రత'ను విడదీస్తే ఉష్ణం యొక్క ఉగ్రత! బ్లాక్ చెప్పిన తీవ్రత ఆ మాటలోనే ఉన్నది.

అయితే పరిమాణంగల ఈ ఉష్ణం అసలు ఏమిటి? అది కంటికి కనపడని, బరువులేని ఒక ద్రవమని చాలామంది నమ్మారు. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు లవోయిజే 1789లో ప్రకటించిన మూలకాల పట్టికలో ఆక్సిజన్‌తోపాటు దీనిని కూడా 'కెలోరిక్' అనే పేరుతో చేర్చాడు. మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలకు రంధ్రాలు తొలిపించిన కౌంట్ రంఫర్డ్ దీనిని శంకించాడు. తొలుస్తున్నంతసేపు ఉష్ణం పుడుతూనే ఉన్నది; ద్రవమే అయితే ఎప్పుడో ఒకప్పుడు నిండుకోవాలి కదా అని 1798లో వాదించాడు. 1840 తరువాత జేమ్స్ జౌల్ నీటిని తెడ్లతో చిలికి, ఎంత పని చేస్తే ఎంత ఉష్ణం పుడుతుందో కొలిచాడు. నేటి లెక్కలో ఒక కెలోరీ సుమారు 4.18 జౌళ్లకు సమానం.

దీనితో శాస్త్రంలో ఆ మాట అర్థం కుదించుకొనిపోయింది. ఉష్ణోగ్రతలో భేదంవల్ల ఒక వస్తువునుండి మరొక వస్తువుకు పోయే శక్తికే ఉష్ణమని పేరు. పెళ్లిలో చదివింపును చూడండి. ఒక చేతినుండి మరొక చేతికి మారేటప్పుడే అది చదివింపు. పెట్టెలో పడిన తరువాత వట్టి రూపాయలు. ఏది చదివింపుగా వచ్చిందో, ఏది కూలిగా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అదేవిధంగా వస్తువులో ఉండేది అంతర్గత శక్తి మాత్రమే. అది ఉష్ణంగానూ రావచ్చు, జౌల్ చిలికినట్లు పనిగానూ రావచ్చు. "ఈ వస్తువులో ఇంత ఉష్ణం ఉన్నది" అని విద్యార్థి వ్రాస్తే తప్పే. కాని ఆ తప్పు పూర్తిగా అతనిది కాదు. గుప్తోష్ణం, ఉష్ణధారణ సామర్థ్యం వంటి మాటలు ఉష్ణాన్ని ద్రవమనుకొన్న నాటివి. ఆ సిద్ధాంతం పోయింది, పేర్లు మిగిలాయి.

మిరపకాయ 'హీట్' సంగతి ఇంకా మిగిలి ఉన్నది. తెలుగువారు కారం వేరు, వేడి వేరు అంటారు. ఇంగ్లీషు ఈ రెండింటినీ కలిపివేసిందని ఆక్షేపించబోయేవారు కొంచెం ఆగాలి. కారం తిన్నా, కాగిన పాలు తాగినా "నోరు మండింది" అనే కదా మనమూ అంటాము! అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో నాడుల చివర ఉండే ఒక ప్రోటీనును గుర్తించింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది ప్రేరణ పొంది మెదడుకు సంకేతం పంపుతుంది. మిరపలోని కాప్సైసిన్ తగిలినా అదే ప్రోటీను, అదే సంకేతం పంపుతుంది. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పచ్చిమిరపకాయ కొరికినవాని నోటిలో థర్మామీటరు పెడితే అది మామూలు ఉష్ణోగ్రతనే చూపుతుంది; నాడి మాత్రం కాలుతున్నదని కబురు పంపుతూనే ఉంటుంది.