చెత్తబుట్టలో చమురు!

పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరించడంతో మన రోజు మొదలవుతుంది. ఆ తర్వాత ఇడ్లీ పిండి కవరు, పప్పు ప్యాకెట్, నూనె ప్యాకెట్, షాంపూ సాషే, పిల్లలు తినేసిన చిప్స్ ప్యాకెట్, సాయంత్రం కూరగాయలతో పాటు వచ్చిన సంచి... రాత్రి పడుకునే వేళకి చెత్తబుట్ట ఉబ్బిపోయి ఉంటుంది. బరువు చూస్తే ఏమీ ఉండదు గానీ, చోటంతా వాటిదే!

ఈ కవర్లన్నీ ఒకప్పుడు చమురే అంటే నమ్ముతారా? భూమిలోంచి తోడిన ముడిచమురు, సహజవాయువుల నుంచే ప్లాస్టిక్ తయారవుతుంది. మరి చమురుని ప్లాస్టిక్‌గా మార్చినప్పుడు, ప్లాస్టిక్‌ని మళ్లీ చమురుగా మార్చలేమా? మార్చవచ్చు. మార్చి చూపించారు కూడా. మన దేశంలో ఈ దారిలో ముందు నడిచినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లున్నారు.

నేను ఈ విషయం వెంటపడడానికి కారణం భోగి మంట. పిడకలు, ఎండుకర్రలు వేయాల్సిన మంటలో ఇప్పుడు పాత టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు పడుతున్నాయి. "టైరు వేస్తే తెల్లారేదాకా ఆరదండీ" అంటారు కుర్రాళ్లు. ఆరదు నిజమే. ఆ నల్లటి పొగా ఆరదు. వీధిలో ఆయాసం ఉన్న పెద్దవాళ్లు పండగపూట తలుపులు బిగించుకుని కూర్చోవాలి. "కాల్చకండి నాయనా" అంటే, "మరేం చేయమంటారాంటీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే ఈ చమురు సంగతి తెలిసింది.

కాల్చడం వేరు, కాచడం వేరు

ప్లాస్టిక్‌ని బయట మంటలో వేస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలిపోతుంది. పొగ, మసి, విషవాయువులు మిగులుతాయి. అదే ప్లాస్టిక్‌ని గాలి చొరబడని ఇనుప పాత్రలో పెట్టి, బయటినుంచి వేడి చేస్తే కాలదు. ముందు కరుగుతుంది, తర్వాత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని గొట్టాల్లోంచి పంపి చల్లబరిస్తే నూనె దిగుతుంది. దీన్ని పైరాలిసిస్ అంటారు. గులాబీ రేకులు కాచి పన్నీరు తీసేటప్పుడు ఆవిరిని చల్లబరుస్తారే, ఆ ఏర్పాటు లాంటిదే ఇదీను. కాకపోతే వేడి చాలా ఎక్కువ. గారెలు వేగే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటే, దీనికి 350 నుంచి 500 డిగ్రీల దాకా కావాలి.

లోపల జరిగేదేమిటి? బారెడు మల్లెదండ ఒకటి ఊహించుకోండి. ప్లాస్టిక్ కూడా అలాంటి పొడుగాటి గొలుసే. కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు వేల సంఖ్యలో వరసగా గుచ్చినట్టు ఉంటాయి. అంత పొడుగుంది కాబట్టే అది గట్టిగా ఉంటుంది. వేడి ఆ దండని చిన్న చిన్న తుంపులు చేస్తుంది. మరీ చిన్న తుంపులు గ్యాస్ అవుతాయి. కాస్త పెద్దవి పెట్రోలు, డీజిల్ లాంటి నూనెలవుతాయి. ఇంకా పెద్దవి మైనంలా గడ్డకడతాయి. ఉత్ప్రేరకం అనే పదార్థం కలిపితే తక్కువ వేడిలోనే తుంపులవుతాయి, నూనె కూడా మెరుగ్గా వస్తుంది. వెలువడిన గ్యాస్‌ని పొయ్యికే మళ్లించి వంటచెరకు ఖర్చు తగ్గించుకుంటారు.

కుక్కరుతో మొదలై...

నాగపూర్‌లో ఇంజినీరింగ్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే అల్కా జడ్గావ్‌కర్ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లోనే వ్యర్థ ప్లాస్టిక్ నుంచి ఇంధనం తీసి దేశమంతా తనవైపు చూసేలా చేశారు. ఆమె పద్ధతిని పరీక్షలకి పంపడం, నాగపూర్ దగ్గర బుటిబోరిలో యూనిట్ పెట్టడం అప్పట్లో పత్రికల్లో పెద్ద వార్త.

పుణెకి చెందిన మేధా తాడ్‌పత్రీకర్ శాస్త్రవేత్త కూడా కాదు. ప్లాస్టిక్ తిని చనిపోయిన జింకని చూసి చలించిపోయి, ఈ చెత్తకి ఏదో ఒక దారి చూడాలనుకున్నారట. ఆమె, శిరీష్ ఫడ్తరే కలిసి చేసిన తొలి ప్రయోగాలు వంటింటి ప్రెషర్ కుక్కర్‌లోనే! తర్వాత 'రుద్ర' పేరుతో సంస్థ పెట్టి, పుణె ఇళ్ల నుంచి శుభ్రమైన ప్లాస్టిక్ సేకరించి నూనె తీశారు. (ఇది చదివి మీరు కుక్కరు తీయకండి సుమా! ఆ ఆవిరికి నిప్పురవ్వ తగిలినా, గొట్టం మూసుకుపోయినా పేలుతుంది. ఇది ఇంట్లో చేసే పని కానే కాదు.)

ప్రభుత్వ శాస్త్రవేత్తలూ ఊరుకోలేదు. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ, గెయిల్ తోడ్పాటుతో పెట్టిన ప్రయోగాత్మక ప్లాంట్ 2019 ఆగస్టు 27న ప్రారంభమైంది. రోజుకి ఒక టన్ను ప్లాస్టిక్ పడుతుంది. దాన్నుంచి 800 లీటర్ల దాకా డీజిల్ తీయవచ్చని చెప్పారు.

అన్నీ ఒక తానులో ముక్కలు కావు

ప్లాస్టిక్ డబ్బా అడుగున చిన్న త్రికోణం, అందులో ఒక అంకె ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? 2, 4, 5, 6 అంకెలున్నవి నూనెకి మంచి సరుకు. పాల కవర్లు, క్యారీ బ్యాగులు, నూనె డబ్బాలు, బకెట్లు, డబ్బా మూతలు, థర్మోకోల్ చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

1 అంకె ఉన్న నీళ్ల సీసా దీనికి పనికిరాదు. కాస్తే వచ్చే ఆమ్లాలు గొట్టాలకి అడ్డం పడతాయి. దాన్ని కరిగించి దారం తీయడమే మేలు. మనం కట్టే పాలిస్టర్ చీర, అదీ అదే జాతి. ఇక 3 అంకె, అంటే పి.వి.సి. పైపులు, రెగ్జిన్ లాంటివి. వీటితో పెద్ద చిక్కు. ఇందులోని క్లోరిన్ వేడికి ఆమ్లంగా మారి ఇనుమునే తినేస్తుంది. పొరపాటున కలిస్తే నూనె కూడా పాడవుతుంది.

మా వీధికి పాతసామాన్లు కొనడానికొచ్చే ఆవిడని అడిగాను. "పాల కవర్లు కడిగి ఎండబెట్టి ఉంచితే తీసుకుంటానమ్మా. మురికివైతే కొట్లో సగం రేటు కూడా రాదు. ఈ మెరిసే చిప్సు కవర్లు మాత్రం ఎవరూ తీసుకోరు. పిలిచి ఇచ్చినా ఒద్దు" అంది. ఆ మెరిసే కవరులో ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం పూత ఉంటుంది. విడదీయడం కష్టం. అందుకే ఎవరికీ అక్కర్లేని ఆ చెత్తకి చివరి దారిగా ఈ నూనె పద్ధతి గురించి ఆలోచిస్తున్నారు.

టైరు కథ వేరు

ప్లాస్టిక్ వేడికి కరుగుతుంది, టైరు కరగదు. రబ్బరుకి గంధకం కలిపి గట్టిపరచడం 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన కిటుకు. ఆ గంధకమే టైరుకి బలం. ఆ నూనెకి కంపు కూడా దాని వల్లే.

మా ఊరి శివార్లలో ఇలాంటి యూనిట్ ఒకటి చూసొచ్చాను. పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా. అందులో టైర్లు కుక్కి, తలుపు బోల్టులతో బిగించి, కింద కట్టెలతో మంట పెడతారు. పీపా మెల్లగా తిరుగుతూ ఉంటుంది. అవతల గొట్టాల్లోంచి నల్లటి నూనె తొట్టెలోకి దిగుతుంది. దాదాపు నూటికి నలభై వంతులు నూనె, ముప్ఫైకి పైగా నల్లపొడి, పది పదిహేను వంతులు ఇనుప తీగ వస్తాయి. మిగిలింది గ్యాస్. నూనె ఫ్యాక్టరీల కొలిమిలకి వెళుతుంది, తీగ పాతఇనుము కింద అమ్ముడుపోతుంది.

నల్లపొడి సంచులకెత్తే పనిలో ఆడవాళ్లే ఉన్నారు. మొహానికి తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. "ఎంత రుద్దినా గోళ్లల్లో నలుపు పోదమ్మా. ముక్కు చీదినా నల్లగానే వస్తది" అంది ఒకామె నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. పీపా పూర్తిగా చల్లారకుండా తలుపు తీస్తే గాలి తగిలి భగ్గుమంటుంది. ఇలాంటి యూనిట్లలో ప్రమాదాలు జరిగినప్పుడు ముందు బలయ్యేది ఈ కూలీలే.

2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకొచ్చిన లెక్క చూడండి. 19 రాష్ట్రాల్లో 637 టైరు యూనిట్లుంటే, 270 నిబంధనలు పాటించడం లేదు. నూనె తీయడానికి విదేశాల నుంచి పాత టైర్లు తెచ్చుకోవడాన్ని 2022లో కేంద్రం నిషేధించింది. చెత్తలోంచి చమురు తీయడం మంచిదే. కానీ పొగ, పొడి బయటికి రాకుండా, పనివాళ్లకి మాస్కులు, చేతి తొడుగులు ఇచ్చి తీస్తేనే మంచిది. లేదంటే మన వీధిలో పొగని ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి పంపినట్టే.

బంకులో పోసేయొచ్చా?

పోయకూడదు. ఈ నూనె ఉన్నదున్నట్టు బండికి పనికిరాదు. శుద్ధి చేయాలి, ప్రమాణాలకి తగ్గట్టు పరీక్షించాలి. అంతవరకు అది బాయిలర్లకి, కొలిమిలకి సరిపోయే ఇంధనమే. పైగా ఎక్కడ కాల్చినా దాన్నుంచీ బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కాబట్టి "ఎలాగూ నూనె తీస్తారుగా" అని ప్లాస్టిక్ వాడకం పెంచుకోవడం తెలివైన పని కాదు. ముందు తగ్గించడం, తర్వాత మళ్లీ వాడడం, కరిగించి కొత్త వస్తువు చేయడం... ఇవేవీ కుదరనప్పుడే నూనె.

మరి మనమేం చేయొచ్చు?

* పాల, పెరుగు కవర్లు ఖాళీ కాగానే గిన్నెలు కడిగిన నీళ్లతోనే ఒకసారి కడిగి ఆరేయండి. కవరు మూల పూర్తిగా కత్తిరించి పడేయకండి, ఆ చిన్న ముక్కలు ఎవరూ ఏరలేరు.

* సాంబారు, అన్నం, ప్లాస్టిక్ ఒకే బుట్టలో వేయొద్దు. తడి తగిలిన ప్లాస్టిక్‌ని ఆరబెట్టడానికే బోలెడు ఖర్చవుతుంది. పొడి చెత్తకి వేరే సంచి తగిలించండి. ఇది మీ ఒక్కరి పనే కాదు, ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

* పి.వి.సి. ముక్కలు, బ్యాటరీలు, మందుల స్ట్రిప్పులు విడిగా ఉంచండి.

* టైర్లు మార్పించినప్పుడు పాతవి షాపులోనే వదిలేయండి. డాబా మీద పెడితే నీళ్లు నిలిచి దోమలు చేరతాయి.

* చెత్త తగలబెట్టేవాళ్లని చూస్తే ఊరుకోకండి. బెంగళూరుకి చెందిన అల్మిత్రా పటేల్ అనే ఇంజినీరు చెత్త సమస్య మీద 1996లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆమె వేసిన కేసులోనే 2016 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించి, 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అంది.

* మీ మహిళా సంఘం తరఫున మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "మేం విడదీసి ఇచ్చిన పొడి చెత్త ఎక్కడికి వెళుతోంది?" మనం వేరుచేసింది మళ్లీ ఒకే లారీలో కలిసిపోతే మన శ్రమంతా వృథా. ఆ లారీ ఎక్కడ ఆగుతుందో తెలుసుకునే హక్కు మనకుంది. నలుగురూ కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు!