160 ఎకరాలూ, మట్టి ఇల్లూ: అమెరికా సెటిలర్ల గురించి అపోహలు – వాస్తవాలు

1971లో కృష్ణ కౌబాయ్ సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చిన దగ్గర్నుంచీ అమెరికా పడమటి మైదానాలంటే మనకి గుర్రం, టోపీ, తుపాకీ. 19వ శతాబ్దంలో పిల్లాపాపలతో అక్కడికి తరలివెళ్లిన రైతు కుటుంబాలు ఆ బొమ్మలో ఎక్కడా కనిపించవు. వాళ్ల రోజంతా గడిచింది నీళ్ల చుట్టూ, పొయ్యి చుట్టూ, నాగలి చుట్టూ.

అపోహ: కుటుంబమంతా గూడుబండిలో కూర్చుని పడమటికి వెళ్లింది.

బండి నిజమే, కూర్చోవడమే అబద్ధం. మిస్సోరీ నుంచి ఆరెగాన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్లు, నాలుగు నుంచి ఆరు నెలల దారి. బండికి స్ప్రింగులుండవు. లోపల పిండి బస్తాలు, ఉప్పు పట్టించిన మాంసం, పనిముట్లు. పసివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు తప్ప మిగతావాళ్లు దాదాపు అంతా నడిచారు. బండి లాగినవి కూడా ఎక్కువగా ఎద్దులే. నెమ్మదిగా నడిచినా అవి దారిపక్క గడ్డి మేసి బతుకుతాయి, గుర్రాలకన్నా చవక. పొద్దున పాలగిన్నె బండికి వేలాడదీస్తే, కుదుపులకే సాయంత్రానికి వెన్న తేలేది.

అపోహ: దారిలో చావులు స్థానిక తెగల దాడుల వల్లే.

చరిత్రకారుడు జాన్ అన్‌రూ లెక్కలో 1840–60 మధ్య దాడుల్లో చనిపోయిన వలసదారులు 362 మంది. వలసదారుల చేతుల్లో చనిపోయిన స్థానికులు 426 మంది. వేల ప్రాణాలు తీసింది రోగాలు, అందులోనూ కలరా. ఇవి కాక నదుల్లో మునిగినవాళ్లు, చక్రాల కింద పడ్డ పిల్లలు, తమ తుపాకీ తమకే పేలి పోయినవాళ్లు.

అపోహ: సెటిలర్లందరూ దుంగలతో ముచ్చటైన ఇళ్లు కట్టుకున్నారు.

నెబ్రాస్కా, కాన్సాస్ మైదానాల్లో దుంగలకి చెట్లేవి? గడ్డివేళ్లతో బిగుసుకున్న మట్టిని నాగలితో పట్టీలుగా చీల్చి, ఇటుకల్లా కోసి గోడలు పేర్చారు. గోడ మందం రెండు మూడు అడుగులు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది. ఆ తెలివికి చెయ్యెత్తి మొక్కాలి. అయితే వాన వస్తే నరకం. బయట వెలిసినా లోపల కప్పు కారుతూనే ఉండేది, పొయ్యి మీద గొడుగు పట్టుకుని వంట చేసిన ఇల్లాళ్లున్నారు. మట్టి, ఎలుకలు, పాములు కంచంలో పడకుండా కప్పు కింద పలుచటి గుడ్డ కట్టేవారు.

వంటచెరకూ లేదు. బైసన్ అనే అడవిదున్నల పేడ మైదానమంతా ఎండి పడి ఉండేది, అవే పిడకలు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు మొదట రెండు పుల్లలతో పట్టి ఏరేవారు, తర్వాత గుడ్డతో, చివరికి వట్టి చేతులతోనే. పేడ అందని చోట ఎండుగడ్డిని మెలిపెట్టి, కట్టలు కట్టి పొయ్యిలో పెట్టేవారు. గడ్డి ఇట్టే కాలిపోతుంది, కాబట్టి చలికాలంలో ఇంట్లో ఒకరు మెలిపెడుతూ కూర్చోవాల్సిందే.

అపోహ: భూమి తీసుకున్నది తెల్ల మగవాళ్లే.

సెటిలర్లకు ప్రభుత్వ భూమి ఇచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద 21 ఏళ్లు నిండిన పెళ్లికాని స్త్రీలు, వితంతువులు తమ పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త ఉన్న ఆడవాళ్లకే ఆ హక్కు లేదు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు 1877లో కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరే కట్టుకున్నారు.

అపోహ: ఖాళీగా ఉన్న నేలని ప్రభుత్వం ఊరికే పంచిపెట్టింది.

1862 మే 20న లింకన్ సంతకం చేసిన ఆ చట్టం 160 ఎకరాలిచ్చింది. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్యాలి. 160 అంటే మన చెవికి జమీందారీలా వినిపిస్తుంది. కానీ ఆ మైదానాల పడమటి అంచున వాన ఏడాదికి 500 మిల్లీమీటర్ల లోపే, మన అనంతపురం కన్నా తక్కువ. నేల ఉచితమైనా నాగలి, ఎడ్లు, విత్తనం, బావి అన్నిటికీ అప్పే. 1874లో మిడతల దండు పడి పైరుని తుడిచిపెట్టింది. పట్టా చేతికి రాకముందే చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు.

ఇక ‘ఖాళీ’ అన్నమాట. సెటిలర్ల కష్టం నిజం. అంతమాత్రాన ఆ నేల ఎవరిదో చెప్పకుండా వదిలెయ్యడం అన్యాయం. రచయిత్రి లారా ఇంగాల్స్ వైల్డర్ చిన్నప్పుడు ఉన్న, 1935లో పుస్తకంగా రాసిన కాన్సాస్ ఇల్లు ఓసేజ్ తెగవాళ్ల గడ్డ మీద ఉంది. ప్రభుత్వం దాన్ని అప్పటికింకా సెటిలర్లకు తెరవనేలేదు. ఇంగాల్స్ కుటుంబం 1869లో వచ్చి 1871లో వెళ్లిపోయింది. ఓసేజ్‌లు కూడా ఆ రోజుల్లోనే కాన్సాస్‌లోని తమ చివరి నేలని వదులుకుని, ఇప్పటి ఓక్లహోమాకి తరలిపోవలసి వచ్చింది.